నేడు నగదు, రేపు అరువు: ఇంగ్లీషువాళ్ల కాలపు మద్రాసులో సరుకుల చాటింపు

చిన్నప్పుడు మా వీధి చివర కిరాణా కొట్టులో త్రాసు వెనకాల ఒక అట్టముక్క వేలాడేది. దాని మీద "నేడు నగదు, రేపు అరువు" అని రాసి ఉండేది. ఆ కొట్టుకు ఉన్న ప్రకటన అదొక్కటే. అందులో సరుకు పేరు లేదు, ధర లేదు, మా పప్పు మంచిదన్న మాట కూడా లేదు. డబ్బు ఎలా ఇవ్వాలో మాత్రమే ఉంది.

చాలా ఏళ్ల తర్వాత పాత మద్రాసు పత్రికల్లో ప్రకటనల గురించి చదవడం మొదలుపెట్టాక ఆ అట్టముక్క మళ్లీ గుర్తొచ్చింది. ప్రకటన అంటే సరుకును పొగడటమనీ, ఇంగ్లీషువాళ్లు పత్రికలతో పాటు ఈ విద్యనూ తెచ్చారనీ, మన వర్తకులు వాళ్లను చూసి నేర్చుకున్నారనీ మనం అనుకుంటాం. ఇది పూర్తిగా తప్పు కాదు. కానీ ఇలా చెప్పుకుంటే మూడు ప్రశ్నలకు జవాబు దొరకదు. తొలినాటి ప్రకటనల్లో సరుకు గురించి పొగడ్త అంత తక్కువగా ఎందుకుంది? ఇంగ్లీషు షాపులకంటే ఎన్నో రెట్లు వ్యాపారం చేసిన బజారు వర్తకులు వందేళ్లపాటు అచ్చు ప్రకటనల జోలికి పెద్దగా ఎందుకు వెళ్లలేదు? తెలుగు పత్రికలు నిలదొక్కుకున్నాక వాటి నిండా బియ్యం, బట్టలు కాకుండా మందులే ఎందుకు కనిపించాయి?

ఈ మూడింటికీ నాకు దొరికిన జవాబు ఒకటే. కొన్నవాడి చేతి నుంచి అమ్మినవాడి చేతికి డబ్బు ఏ దారిన వెళ్లేదో చూస్తే ప్రకటన ఎందుకు అలా ఉందో అర్థమవుతుంది. ఆ దారి మారినప్పుడల్లా ప్రకటన రూపమూ మారింది.

మద్రాసును తీసుకోవడానికి కారణముంది. మన పెద్దవాళ్లు చెన్నపట్నం అని పిలిచిన ఊరు అది, దామర్ల చెన్నప్ప నాయకుడి పేరు మీద వెలసింది. 1640 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ అక్కడ కోట కట్టుకునేటప్పుడు పక్కన ఉండి బేరాలు కుదిర్చినవాడు బేరి తిమ్మప్ప అనే దుబాసీ, అంటే రెండు భాషలు తెలిసిన మధ్యవర్తి. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో కంపెనీకి ప్రధాన వర్తకుడిగా ఉన్నవాడు సుంకురామ శెట్టి. ఆ తర్వాత తెలుగు అచ్చు చాలా భాగం నడిచింది కూడా ఆ ఊళ్లోనే. అంటే ఇది మన కథ కూడా.

ఓడ వచ్చిందన్నదే ప్రకటన

మద్రాసులో తొలి వారపత్రిక 'మద్రాస్ కొరియర్'. 1785 అక్టోబర్ 12న రిచర్డ్ జాన్‌స్టన్ అనే ప్రభుత్వ ముద్రాపకుడు మొదలుపెట్టాడు. అంతకు ఐదేళ్ల ముందు, 1780 జనవరిలో, కలకత్తాలో జేమ్స్ అగస్టస్ హికీ దేశంలోనే మొదటి పత్రికను తెచ్చాడు. దాని పూర్తి పేరులోనే 'జనరల్ అడ్వర్టైజర్' అన్న మాట ఉంది. అప్పటి పత్రికలకు ప్రకటన పక్క ఆదాయం కాదు. పత్రిక పెట్టడానికి సగం కారణం అదే.

ఆ కాలపు ప్రకటనల పద్ధతి దాదాపు ఒకేలా ఉండేది. ఫలానా ఓడ వచ్చింది, ఫలానా కెప్టెన్ తెచ్చిన సరుకు ఫలానా చోట అమ్ముతారు అని మొదలై, కింద పొడుగాటి జాబితా వచ్చేది. మదీరా సారా, పంది మాంసం, జున్ను, టోపీలు, మేజోళ్లు, గాజు సామాను, తుపాకులు, కళ్లద్దాలు. మెచ్చుకోలు మాటలు ఉన్నా పొదుపుగా ఉండేవి. బరువంతా ఓడ పేరు మీదే.

ఎందుకో తెలియాలంటే సముద్రం వైపు చూడాలి. అప్పట్లో మద్రాసుకు రేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే, మేకులు లేకుండా కొబ్బరి తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో సరుకు అలల మీదుగా ఒడ్డుకు చేరేది. అక్టోబర్ మధ్య నుంచి డిసెంబర్ దాకా తుపానుల కాలం, ఆ రోజుల్లో ఓడలు ఆ తీరంలో ఆగేవి కావు. ఇంగ్లండు నుంచి ప్రయాణానికి నాలుగైదు నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పట్టేది. కాబట్టి కోటలో ఉండే దొరకు కావలసింది ఈ జున్ను ఎంత రుచిగా ఉందన్న సంగతి కాదు. అసలు వచ్చిందా లేదా, వస్తే ఎప్పుడు వచ్చింది? ఓడ పేరు చెబితే సరుకు ఎంత తాజాదో చెప్పినట్టే.

రెండో సంగతి కెప్టెన్‌ది. కంపెనీ ఓడల కెప్టెన్లకూ అధికారులకూ ఓడలో కొంత చోటు సొంత వ్యాపారం కోసం ఇచ్చేవారు. వాళ్లకు జీతం కంటే దాని మీదే ఎక్కువ ఆశ. కానీ వాళ్లు ఊళ్లో ఉండేది కొద్ది వారాలే. ఓడ కదిలేలోపు సరుకు డబ్బుగా మారాలి. అరువు ఇస్తే మళ్లీ వచ్చేది ఎప్పుడో, అసలు బతికి వస్తాడో లేదో. అందుకే కెప్టెన్లు సరుకు మొత్తాన్ని ఊళ్లోని యూరోపియన్ షాపుకు అప్పగించేవారు, లేదంటే వేలం వేసేవారు. మన 'ఏలం', 'వేలం' అన్న మాట పోర్చుగీసు 'లెయిలావ్' నుంచి వచ్చింది. ఆ పరాయి మాటకు మనవాళ్లు 'పాట' తగిలించి వేలంపాట చేశారు. రేవు పట్టణాల్లో ఈ పద్ధతి ఎంతగా పాతుకుపోయిందో చెప్పడానికి ఆ మాట ఒక్కటి చాలు.

అందుకే ఆనాటి ప్రకటనల్లో పొగడ్త కంటే షరతులే గట్టిగా వినిపిస్తాయి. రొక్కం ఇవ్వాలి, గడువులోగా తీసుకెళ్లాలి, లేకపోతే మళ్లీ అమ్మేస్తాం. అప్పటి లెక్క వరహాల్లో. ఒక వరహాకు 42 ఫణాలు, ఫణానికి 80 కాసులు. 1818లో మద్రాసు రాజధాని రూపాయి లెక్కకు మారేదాకా, ధర చదవగానే ఏ నాణెంలో అన్న ప్రశ్న వెంటనే వచ్చేది. నాణేలు మార్చే సరాఫు లేనిదే పూట గడిచేది కాదు.

ఈ పద్ధతికి అన్నిటికంటే నాకు నచ్చిన ఉదాహరణ మంచుగడ్డ. అమెరికాలోని బోస్టన్ నుంచి ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వర్తకుడు శీతాకాలంలో చెరువుల మీద కోసిన మంచును రంపపు పొట్టులో చుట్టి ఓడల్లో పంపేవాడు. 1833లో కలకత్తా చేరింది. మద్రాసులో దాన్ని దాచడానికి 1842లో సముద్రం ఒడ్డున ఐస్‌హౌస్ కట్టారు. పౌను నాలుగు అణాలకు అమ్మేవారని చెబుతారు. మంచుగడ్డ గొప్పతనం గురించి ఎండాకాలపు మద్రాసులో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఓడ వచ్చిందని తెలిస్తే చాలు.

ఇదే పత్రికల్లో చదవలేక కళ్లు మూసుకునే ప్రకటనలూ ఉన్నాయి. 1780లలో కలకత్తా పత్రికలు బానిస పిల్లల అమ్మకాల గురించి, పారిపోయిన బానిసల గురించి ప్రకటనలు వేశాయి. సారా పీపా, గుర్రపు బండి, మనిషి అన్నీ ఒకే రకం అచ్చులో, ఒకే పేజీలో. బెంగాల్ నుంచి బానిసల ఎగుమతిని 1789లో నిషేధించారు. బానిసత్వానికి కోర్టుల్లో గుర్తింపు పోవడానికి 1843 దాకా ఆగాల్సి వచ్చింది. పాత ప్రకటనలను ముచ్చటగా చదువుకునేటప్పుడు ఈ పేజీని దాటేయకూడదని నా పట్టుదల.

బజారు ఎందుకు మౌనంగా ఉంది

ఇప్పుడు కోట గోడ దాటి బ్లాక్ టౌన్‌కు, అంటే తర్వాత జార్జ్ టౌన్ అయిన చోటికి వెళ్దాం. అక్కడ బట్టలు, ధాన్యం, మిరియాలు, పగడాలు, వెండి, బంగారం అమ్మేవాళ్లు. ఒక్కో పెద్ద వర్తకుడి వ్యాపారం ముందు యూరోపియన్ షాపులు చిన్నవి. అయినా వాళ్లు అచ్చు ప్రకటన మీద డబ్బు పెట్టలేదు. ఇంగ్లీషు రాకపోవడం ఒక కారణమే కానీ చిన్న కారణం. ఇంగ్లీషు తెలిసినవాడిని పెట్టుకునే స్తోమత వాళ్లకు ఉంది. అసలు విషయం, వాళ్లకు ఆ అవసరం లేదు.

తెలుగులో 'పరపతి' అన్న మాట ఉంది. మనిషికి ఉన్న పలుకుబడినీ, బయట పుట్టే అప్పునూ రెంటినీ ఈ మాటతోనే చెబుతాం. సహకార పరపతి సంఘం అన్నప్పుడు రెండో అర్థం. ఇది యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. బజారు నడిచిందే అరువు మీద. నేతగాడికి ముందు బయానా, టోకు వర్తకుడికి మూడు నెలల గడువు, చిల్లర కొట్టుకు పండగ దాకా ఖాతా. అరువు ఇవ్వాలంటే ఎదుటివాడు ఎవరో, ఎవరి కొడుకో, ఏ వీధివాడో తెలియాలి. తెలియనివాళ్లను పిలవడం ప్రకటన చేసే పని. తెలియనివాళ్లతో బజారుకు లాభం కంటే చిక్కే ఎక్కువ.

పైగా వీధే చిరునామా, చిరునామాయే ప్రకటన. మద్రాసులో కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలు అనే రెండు వర్గాల మధ్య ఎవరు ఏ వీధిలో ఉండాలి, ఏ వీధిలో ఊరేగాలి అన్న గొడవలు రక్తపాతం దాకా వెళ్లాయి. 1707లో పెద్ద గొడవ జరిగాక పెద్దనాయకన్‌పేట కుడిచేతి వాళ్లకు, ముత్యాలపేట ఎడమచేతి వాళ్లకు అని కంపెనీ పంచాల్సి వచ్చింది. ఫలానా వీధిలో కొట్టు అంటే ఆ వర్తకుడి కులం, సరుకు, అప్పు ఇచ్చే బంధువులు అన్నీ తెలిసిపోయేవి. బోర్డు మీద రాయాల్సింది ఏం మిగిలింది? అయితే ఈ నమ్మకం అందరికీ తలుపు తీయలేదన్నదీ నిజమే. కులం బయటివాడికి, కొత్తగా ఊళ్లోకి వచ్చినవాడికి ఆ పరపతి అందేది కాదు.

మరి దొరల ఇళ్లకు బజారు సరుకు ఎలా చేరేది? దుబాసీ ద్వారా. రెండు భాషలు తెలిసినవాడు కాబట్టి ద్విభాషి, వాడుకలో దుబాసీ. ఓడ దిగిన కుర్ర గుమాస్తాకు ఇల్లు, పల్లకీ, వంటవాడు, చివరికి అప్పు కూడా ఇతనే కుదిర్చేవాడు. కొన్న ప్రతి సరుకు మీద కొట్టువాడు అతనికి, లేదా ఇంటి బట్లరుకు, 'దస్తూరీ' అనే వాటా ఇచ్చేవాడు. ఇంగ్లీషువాళ్లు దీన్ని మోసమని తిట్టుకున్నారు. నాకు మాత్రం ఇది బజారు ప్రకటన ఖర్చులా కనిపిస్తుంది. యూరోపియన్ షాపు పత్రికకు ఇచ్చిన డబ్బును బజారు వర్తకుడు దుబాసీ చేతిలో పెట్టాడు. ఇద్దరూ కొన్నది ఒకటే, దొర చెవిలో తన పేరు పడటం.

ఇక అందరికీ తెలియాల్సిన సంగతులు ఉంటే చాటింపు ఉండనే ఉంది. డప్పు కొట్టి కూడలిలో అరిచేవాడికి రోజుకూలీ చాలు. వీధిలో తిరిగే చిల్లరవాళ్లకు గొంతే ప్రకటన. ఉప్పు, గాజులు, మజ్జిగ, దేనికి ఆ రాగం వేరు. కొట్టులో అయితే తూకం అయ్యాక చేతిలో వేసే కొసరు. మళ్లీ రమ్మని చెప్పడానికి పిడికెడు కొసరు కంటే గట్టి మాట ఇంకేముంటుంది?

మౌంట్ రోడ్డు అద్దాలు

పంతొమ్మిదో శతాబ్దం నడిమికి వచ్చేసరికి ఓడ పేరు వెనక్కి వెళ్లి షాపు పేరు ముందుకొచ్చింది. 1843లో ఓక్స్, 1844లో పుస్తకాల హిగిన్‌బాథమ్స్, ఆ దశాబ్దం చివర్లో గడియారాల పీటర్ ఓర్, 1863లో స్పెన్సర్. ఆవిరి ఓడలు వచ్చాక సరుకు రావడం అరుదైన వార్త కాకుండా పోయింది. ఎప్పుడూ దొరికే సరుకును ఎవరి దగ్గర కొనాలన్నది కొత్త ప్రశ్న అయింది. దానికి జవాబుగా మౌంట్ రోడ్డు మీద పెద్ద పెద్ద అద్దాల కిటికీలు, ఎత్తైన భవనాలు వచ్చాయి. ఓర్ కంపెనీ గడియారాన్ని భవనం పైన పెట్టింది. టైము చూడటానికి తలెత్తిన ప్రతివాడూ షాపును చూసినట్టే. 1875లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఇండియా వచ్చినప్పుడు ఆయనకు అధికారిక పుస్తక విక్రేతగా హిగిన్‌బాథమ్స్‌కు గుర్తింపు దొరికింది. రాజకుటుంబం కొన్న చోట మనమూ కొనాలి అన్న భావన దొరల్లోనూ, జమీందారుల్లోనూ బాగా పనిచేసేది.

కానీ ఇక్కడా అసలు టెన్షన్ డబ్బుదే. దొరలు చేతిలో పైసా పెట్టుకుని తిరిగేవాళ్లు కాదు. చీటీ మీద సంతకం పెట్టి సరుకు తీసుకునేవాళ్లు. మన చీటీ, హిందీ చిట్ఠీ జాతి మాటే ఇంగ్లీషులోకి 'చిట్' అయి వెళ్లింది. చీటీల గుట్ట నెలాఖరుకు బిల్లు అయ్యేది. ఈలోగా ఆ దొరకు బర్మా బదిలీ కావచ్చు, జ్వరం వచ్చి చనిపోనూ వచ్చు. ఆ నష్టాన్ని షాపువాళ్లు ధరలో కలిపేసేవారు. కాబట్టి నగదు ఇస్తే తగ్గింపు అన్నది ఆ కాలపు ప్రకటనల్లో పెద్ద ఆకర్షణ అయింది. లండన్‌లో 1871లో సైనికాధికారులు పెట్టుకున్న ఆర్మీ అండ్ నేవీ స్టోర్స్ నగదు పద్ధతి మీదే నడిచింది. లావుపాటి ధరల పుస్తకం పోస్టులో పంపి సరుకు ఓడలో పంపేది. 1891లో బొంబాయిలోనే షాపు తెరిచింది. మౌంట్ రోడ్డు వాళ్లకు అది గట్టి దెబ్బ.

మద్రాసు షాపులు ప్రచారం చేసుకున్న చుట్టల్లో 'లుంకా' అనే రకానికి మంచి పేరుంది. ఆ పేరు మన గోదావరి లంకల నుంచి వెళ్లింది. లంక పొగాకుతో చుట్టింది కాబట్టి లుంకా. పండించిన రైతుకు ఆ పేరు ఎంత దూరం వెళ్లిందో తెలిసే అవకాశమే లేదు.

పోస్టుమాన్ చేతిలో డబ్బు

ఇక నా దృష్టిలో అసలైన మలుపు. అది అచ్చుయంత్రం దగ్గర కాదు, పోస్టాఫీసు దగ్గర జరిగింది. అచ్చుయంత్రం ఎప్పటినుంచో ఉంది. వావిళ్ల రామస్వామి శాస్త్రులు 1854లోనే ముద్రణాలయం పెట్టారు. తెలుగు పత్రికలూ అంతకు ముందే మొదలయ్యాయి. కానీ ఒంగోలు దగ్గరి పల్లెలో ఉన్నవాడు మద్రాసు ప్రకటన చూసి సరుకు కొనాలంటే ఎలా? ముందే డబ్బు పంపితే సరుకు వస్తుందని నమ్మకం లేదు. ముందే సరుకు పంపితే డబ్బు వస్తుందని కొట్టువాడికి నమ్మకం లేదు. వాళ్లిద్దరి మధ్య వీధీ లేదు, కులమూ లేదు, దుబాసీ లేడు.

1854లో అర్ధణాకు దేశంలో ఎక్కడికైనా ఉత్తరం వెళ్లే పద్ధతి వచ్చింది. 1879లో కాలణా కార్డు. 1880లో పోస్టు మనియార్డరు. వీటన్నిటికంటే ముఖ్యమైనది 1877లో వచ్చిన వీపీపీ, అంటే వాల్యూ పేయబుల్ పార్సిల్. కొట్టువాడు పార్సిల్ పంపుతాడు, పోస్టుమాన్ డబ్బు తీసుకుని పార్సిల్ ఇస్తాడు, ఆ డబ్బు కొట్టువాడికి చేరుతుంది. నమ్మకం ఉండాల్సిన చోట ప్రభుత్వ ఉద్యోగి నిలబడ్డాడు. 1900లో గోదావరి మీద రైలు వంతెన కూడా పూర్తయ్యేసరికి మద్రాసులో కట్టిన పొట్లం రాజమండ్రికి, విశాఖకు రైల్లో వెళ్లిపోయేది. మొదటిసారిగా ముక్కూమొహం తెలియనివాడు నిజమైన కొనుగోలుదారు అయ్యాడు. తెలుగు అచ్చు ప్రకటనకు అప్పుడు పని దొరికింది.

మందులే ఎందుకన్న ప్రశ్నకు జవాబూ ఇక్కడే ఉంది. పోస్టులో వెళ్లాలంటే సరుకు చిన్నదిగా, తేలికగా, పాడవకుండా ఉండాలి. పోస్టు ఖర్చు భరించాలంటే లాభం ఎక్కువ ఉండాలి. మణుగుల లెక్కన అమ్మే బియ్యానికి ఇవేవీ కుదరవు. సీసాకూ డబ్బాకూ అన్నీ కుదురుతాయి. పుస్తకాలకూ, గడియారాలకూ, అత్తరుకూ కొంత కుదురుతాయి, అందుకే మందుల తర్వాత ప్రకటనల్లో ఎక్కువ కనిపించేవి అవే. ఇంకో కారణం మొహమాటం. ఊళ్లో వైద్యుడికి చెప్పుకోలేని రోగాలు ఉంటాయి. వాటికి దూరంగా ఉన్న అపరిచితుడే మేలు. కార్డు ముక్క రాస్తే పొట్లం కట్టి వస్తుంది, అడిగేవాడు ఉండడు.

అయితే వీపీపీలో ఒక లోపం ఉంది. డబ్బు కట్టాకే పొట్లం విప్పాలి. లోపల ఏముందో ముందు చూడలేడు. అటు కొట్టువాడికీ బాధే, కొనేవాడు మనసు మార్చుకుని పార్సిల్ వద్దంటే పోస్టు ఖర్చు నెత్తిన పడేది. ఈ చిన్న ఖాళీని పూడ్చడానికే ఆనాటి ప్రకటనలు అంత పొడుగయ్యాయి. ఫలానా తాసీల్దారు మెచ్చుకున్నాడు, ఫలానా ప్లీడరు ఉత్తరం రాశాడు, బంగారు పతకం వచ్చింది, గుణం లేకపోతే డబ్బు వాపసు. ఇవి మనకు ఇప్పుడు అతిశయంగా కనిపిస్తాయి. కానీ పొట్లం విప్పకముందే రూపాయి ఇవ్వబోయే మనిషికి ఎవరో ఒకరు పూచీ పడాలి కదా.

పసుపు డబ్బా, దినపత్రిక

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టారు. కలకత్తాలో మందుల వ్యాపారంలో మెళకువలు నేర్చుకుని, బొంబాయి చేరి, 1893లో అమృతాంజనం మొదలుపెట్టారు. డబ్బా పది అణాలు. కొత్త మందును ఎవరు కొంటారు? ఆయన సంగీత కచేరీల దగ్గర ఊరికే పంచారు. తలనొప్పి మందుకు ఇంతకంటే తెలివైన ప్రకటన ఉండదు. రాసుకున్న నిమిషంలో చల్లగా మండుతుంది, వాసన పక్క కుర్చీవాడి దాకా వెళ్తుంది. వీపీపీలో ఉన్న లోపం, అంటే విప్పకుండా కొనడం, ఇక్కడ లేనే లేదు. ముందు రాసుకో, తర్వాత కొనుక్కో.

ఆ డబ్బు ఎటు వెళ్లిందన్నది ఇంకా ముఖ్యం. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది. 1914 ఏప్రిల్ 1 నుంచి మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక. అప్పట్లో తెలుగు చదివేవాళ్లు ఎంతమంది? 1901 జనాభా లెక్కల్లో మద్రాసు రాజధానిలో చదవను, రాయను వచ్చినవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు. చందాలతో దినపత్రిక నిలబడటం కష్టం. పైగా 1910 ప్రెస్ చట్టం వచ్చాక ప్రభుత్వానికి నచ్చని పత్రిక ధరావతు కట్టాల్సి వచ్చేది. ఆ రోజుల్లో తెలుగు జాతీయోద్యమ పత్రికకు తలనొప్పి మందు ఆదాయం అండగా నిలిచింది. మామూలుగా వర్తకుడు పత్రికలో చోటు కొనుక్కుంటాడు. ఇక్కడ వర్తకుడే పత్రికను పోషించాడు. తెలుగు సాహిత్య చరిత్రలో భారతికి ఉన్న చోటు గురించి ఎన్నో పేజీలు రాస్తాం. ఆ పసుపు డబ్బాకూ అందులో ఒక పేజీ ఇవ్వాలని నా గట్టి నమ్మకం.

ఇదే దారిలో మద్రాసులో కేసరి కుటీరం అనే మందుల సంస్థ నడిచింది. డాక్టర్ కె.ఎన్. కేసరి ఒంగోలు ప్రాంతం నుంచి పట్నం చేరిన పేదింటి కుర్రాడు. స్త్రీల రుగ్మతలకు ఆయన తయారుచేసిన లోధ్ర బాగా అమ్ముడైంది. ఆ మందు కొనాల్సినవాళ్లు బజారుకు వచ్చేవాళ్లు కాదు, చాలా పత్రికలు వాళ్ల కోసం రాసేవీ కాదు. 1928లో ఆయన గృహలక్ష్మి మాసపత్రిక పెట్టారు. కనుపర్తి వరలక్ష్మమ్మ లాంటివాళ్లు అందులో రాశారు. కేసరి గారు రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చారు. మందు అమ్ముకోవడానికి పత్రిక పెట్టారా, పత్రిక నడపడానికి మందు అమ్మారా అని విడదీయడం నాకు సాధ్యం కాలేదు. విడదీయాల్సిన అవసరమూ కనిపించలేదు. ఇంట్లో ఉన్న ఆడమనిషి పేరు మీద పోస్టు రావడం అనే కొత్త సంగతి ఈ రెంటి వల్లా జరిగింది.

1905 తర్వాత స్వదేశీ ఉద్యమం ప్రకటనలకు ఇంకో పూచీదారును ఇచ్చింది. సబ్బు, అగ్గిపెట్టె, కలం, బట్ట దేని మీదైనా స్వదేశీ అన్న మాట పడింది. తాసీల్దారు మెచ్చుకోలు ఉన్న చోట దేశం నిలబడింది. విదేశీ కంపెనీలూ ఊరుకోలేదు. దేవతల బొమ్మల క్యాలెండర్లు, బట్టల బేళ్ల మీద రంగురంగుల చీటీలు వేశాయి. చదువు రానివాడికి అక్షరం కంటే బొమ్మే గుర్తు. 'కృష్ణుడి బొమ్మ సబ్బు' అని అడిగేవాడికి కంపెనీ పేరుతో పనిలేదు.

బొమ్మే గుర్తు అయినప్పుడు బొమ్మను దొంగిలించడం సులువు. అందుకే నకిలీలున్నాయి జాగ్రత్త అన్న మాట ఆ ప్రకటనల్లో అంతగా కనిపిస్తుంది. ట్రేడ్‌మార్కు నమోదు చేసుకునే చట్టం ఇండియాలో 1940 దాకా లేదు. అంతవరకూ మోసపోయిన వర్తకుడు కోర్టుకెళ్లి ఈ గుర్తు నాదేనని మొదటినుంచీ రుజువు చేసుకోవాలి. కోర్టు ఖర్చు కంటే ప్రకటనలో హెచ్చరిక అచ్చు వేయడమే చవక. కొన్నవాడికి కూడా రక్షణ అంతంతే. మందుల నాణ్యత మీద చట్టం కూడా 1940లోనే వచ్చింది. అన్ని రోగాలూ కుదురుస్తామనే ప్రకటనల మీద చట్టం స్వతంత్రం వచ్చాక, 1954లో వచ్చింది. ఈలోగా ఎంతమంది పనికిరాని సీసాల కోసం వీపీపీ కట్టి, చేయించాల్సిన వైద్యం ఆలస్యం చేసుకున్నారో ఊహించుకోవాల్సిందే. నాగేశ్వరరావు, కేసరి గార్ల మీద ఎంత గౌరవం ఉన్నా, వాళ్ల పక్క కాలమ్‌లోనే ఆ మోసాలూ అచ్చయ్యాయని మర్చిపోలేం.

హిందూ పత్రిక 1878లో మొదలైంది. 1958 జనవరి దాకా దాని మొదటి పేజీ నిండా ప్రకటనలే, వార్తలు లోపల ఉండేవి. అప్పటి పాఠకులకు అది వింతగా అనిపించలేదు. మనం మాత్రం పాత పత్రికలను బైండు చేసేటప్పుడు ముందూ వెనకా ఉన్న ప్రకటనల కాగితాలను చింపేశాం. ఎన్నో లైబ్రరీల్లో కథలు, వ్యాసాలు భద్రంగా ఉన్నాయి. వాటిని పోషించిన సీసాలు, డబ్బాలు, ధరల జాబితాలు లేవు. మీ ఇంట్లో అటక మీద తాతగారి కాలంనాటి భారతి, గృహలక్ష్మి, ఆంధ్రపత్రిక ఉగాది సంచిక ఏదైనా ఉంటే, దయచేసి అట్టలోపలి ఆ రంగు కాగితాలు తీసేయకండి. బైండింగ్ అతనికి కూడా ముందే చెప్పండి.